అన్నీ అయిదులే

పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నాకు పొగరు కాస్త ఎక్కువే. పటాన్‌చెరులో కంపెనీ సైరన్లు వింటూ పెరిగినదాన్ని, ఇక్కడి మనుషుల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకునేదాన్ని. మందుల కంపెనీల ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లు తమ పనితో ఎంత తృప్తిగా ఉన్నారన్నది నా పరిశోధన. ఫారంలో ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు పెట్టాను. అసలు నచ్చకపోతే ఒకటి, బాగా నచ్చితే అయిదు.

చిట్కుల్‌లో వాళ్లుండే కిరాయి గదుల దగ్గర ఒక ఆదివారం ఫారాలు పంచాను. వాళ్లందరిలో పెద్దావిడ, ఏళ్ల తరబడి మాత్రల డబ్బాలు సర్దుతున్న ఒకామె, నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. చదువు రానివాళ్లకు తనే ప్రశ్నలు చదివి వినిపించింది. సాయంత్రానికి ఫారాలన్నీ నిండాయి. పరిశోధనంటే ఇంత సులువా అని మురిసిపోయాను.

ఇంటికొచ్చి చూస్తే అన్నీ అయిదులే. జీతానికి అయిదు. నిలబడి చేసే పనికి అయిదు. సూపర్‌వైజర్ మాటతీరుకూ అయిదే. ఆ పెద్దావిడ ఫారంలో మాత్రం చివరి ప్రశ్నకు ఒకటి వేసి ఉంది. "మీ కూతురిని ఈ పనిలో చేర్పించడం మీకెంత ఇష్టం?" అన్నది ఆ ప్రశ్న. పొరపాటున వేసి ఉంటుంది, అడిగి దిద్దించుకో అన్నారు మా గైడు. థీసిస్‌కు నెలే గడువు. ఆ ఒక్క అంకె మీద నాకు ఒళ్లు మండింది.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి ఆమె బియ్యం ఏరుతోంది. సంగారెడ్డి హాస్టల్లో ఇంటర్ చదువుతున్న కూతురి ఫొటో గోడకు ఉంది.

"పెద్దమ్మా, అన్నిట్ల అయిదేసి గిక్కడ ఒకటేసినవేంది?"

ఆమె చేట పక్కన పెట్టింది. "గా ఒక్కటి తక్కువైతే నువ్వు ఫెయిలైతవా బిడ్డా?"

"నేనెందుకు ఫెయిలైత?"

"గివి నీ పరీక్ష మార్కులే గద. పాపం, ఎండల తిరుగుతున్నవ్. తక్కువేస్తే నీ సదువు ఖరాబైతదని, నిండుగ ఏయుండ్రని అందరికి నేనే చెప్పిన."

నవ్వబోయాను, నవ్వు రాలేదు. నేను వాళ్లను కొలవడానికి వెళితే, వాళ్లంతా కలిసి నన్ను పాస్ చేయించి పంపారు.

"మరి ఈ ఒకటి?"

"పొద్దంత నిలవడితె మోకాళ్లు గుంజుతయి. కూసోనీకి స్టూల్ గూడ ఉండది. నీ కోసమని అన్నిట్ల అబద్ధమేసిన. నా పిల్ల ముచ్చట కాడికొచ్చేసరికి చెయ్యి రాలే. ఏమనుకోకు."

నాకు ఏడుపొచ్చింది. ఆ ఫారాలన్నింటిలో నిజం అదొక్కటే. నేను దిద్దించుకోవడానికి వచ్చింది దాన్నే.

గడువు పొడిగించమని గైడును బతిమాలుకున్నాను. తర్వాతి ఆదివారాలన్నీ ఫారాలు లేకుండా వెళ్లాను. వాళ్లు కూరగాయలు తరుగుతూ, బట్టలు పిండుతూ చెప్పేవాళ్లు, నేను రాసుకునేదాన్ని. థీసిస్ ఏడాది ఆలస్యమైంది. అందుకు నాకు ఏ కోశానా బాధ లేదు.

పుస్తకం బైండయ్యాక మొదట ఆమెకే తీసుకెళ్లాను. కూతురు సెలవులకు వచ్చి ఉంది.

"మార్కులెన్నొచ్చినయ్?" అని అడిగింది పెద్దావిడ.

"దీనికి మార్కులుండవు పెద్దమ్మా."

నమ్మలేదు. ఇంగ్లీషులో ఉందని, తన మాటలున్న పేజీ కూతురితో చదివించి తెలుగులో చెప్పించుకుంది. మోకాళ్ల సంగతి దగ్గర ఆ పిల్ల చదవడం ఆపేసింది. తల్లి కాళ్ల వైపే చూస్తూ, "ఇన్నేండ్ల సంది నాకెందుకు చెప్పలేదే అమ్మా?" అంది.

"నన్నెవ్వలడిగిన్రు బిడ్డా?" అంది ఆమె.