మూడు కంప్యూటర్లలో మా అక్క మొహం

మొన్న ఆదివారం మా అమ్మాయీ, మా ఆడపడుచు కూతురూ కలిసి ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ భోజనాల బల్ల మీద పరిచి, అన్నింట్లోనూ ఒకే వెబ్ పేజీ ఒకేసారి నొక్కి, ఏది ముందు తెరుచుకుంటుందో చూసే పోటీ పెట్టుకున్నారు. కొత్త ఫోన్ రెప్పపాటులో తెరిచింది, నాది ఆ వెనకే తెరిచింది, ఆ కాస్త తేడాకే నా ఫోన్ డొక్కుదని, పారేయమని ఇద్దరూ ఒకటే ఎగతాళి. డొక్కు అంటే ఏమిటో వీళ్ళకేం తెలుసు! ఒక్క ఫోటో తెర మీదికి దిగేలోపు పక్కింటికెళ్ళి మజ్జిగ తెచ్చుకుని, వాళ్ళ కోడలి మీద చాడీలు కూడా విని తిరిగొచ్చిన రోజులు నా ఈడువాళ్ళకే గుర్తు. మిగతావాళ్ళంతా నవ్వుతున్నారు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఎందుకంటే ఇదే పోటీ నేను పర్చూరులో మా అక్క మొహంతో ఆడగా చూశాను.

మా మేనమామకి అక్కడ బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టుండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊరంతా ఇంటర్నెట్టు ఇంటర్నెట్టు అంటుంటే ఆయనకీ మోజు పుట్టి, కొట్టుని చెక్కతో రెండుగా చేసి, ఇవతల మూడు కంప్యూటర్లు పెట్టి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నన్ను ఆపరేటరని కూర్చోబెట్టాడు. వీధివైపుది కొత్తది, మధ్యది ఓ మాదిరిది, గోడ పక్కది ఒంగోలులో ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న ముసలిది. చెక్క అవతలి నుంచి పత్తికి కొట్టే మందుల కంపు, వీధిలోంచి మిరపకాయ టిక్కీ బస్తాల లారీ వెళ్ళినప్పుడల్లా ఘాటు, ఆ రెండింటి మధ్య తుమ్ముకుంటూ, ముక్కు తుడుచుకుంటూ ప్రపంచాన్ని చూసేవాళ్ళం. మామయ్య మనిషిని బట్టి కంప్యూటర్ ఇచ్చేవాడు. చొక్కా ఇస్త్రీ చేసుకొచ్చినవాడికి కొత్తది, చెప్పులకి మట్టితో వచ్చినవాడికి ముసలిది, ఇద్దరి దగ్గరా పుచ్చుకునేది మాత్రం ఒకటే.

అక్కకి చిన్నప్పుడు గడ్డం మీద వేడి గంజి పడింది. కాలిన చోట చర్మం కాస్త లేత రంగులో, ముడతపడినట్టు ఉండేది, అంతే. దగ్గరగా కూర్చుని మాట్లాడితే కాసేపటికి ఆ సంగతే మర్చిపోతాం. కానీ ఫోటో చేతిలో పెడితే మాత్రం ప్రతివాళ్ళ చూపూ ముందు గడ్డం మీదికే పోయేది, ఆ ఫోటో కవరు మడత కూడా నలగకుండా తిరిగొచ్చేది. ముందే చెప్పండి, ఇష్టమున్నవాళ్ళే వస్తారు అని అక్క ఎన్నిసార్లు మొత్తుకుందో. అమ్మ ప్రతిసారీ ఆమె నోరు మూయించేది. అలాంటప్పుడు ప్రత్తిపాడు నుంచి ఒక సంబంధం వచ్చింది, అబ్బాయి బడిపంతులు, పుస్తకాలు చదివే పిల్ల కావాలన్నాడట. ఆ మాట విన్నరోజున అక్క తన చీర తానే ఇస్త్రీ చేసుకుంది. అంతకుముందు పెళ్ళిమాటంటేనే మొహం తిప్పుకునే మనిషి, ఈ ఒక్క సంబంధాన్ని మనసారా కోరుకుంది.

అప్పుడు మామయ్య బుర్రలో ఒక దిక్కుమాలిన తెలివి మెరిసింది. కంప్యూటర్లో ఫోటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతుంది కదా, జుట్టు ముందు, గడ్డం ఆఖరు. కళ్ళు బాగున్నాయని ఒకసారి నోటితో అన్నాక, మచ్చ కనిపించినా వెనక్కి పోవడానికి మొహం చెల్లదని ఆయన లెక్క. వెంటనే అక్క ఫోటోని పెళ్ళి సంబంధాల పేజీలో పెట్టించి, మూడు కంప్యూటర్లలోనూ ఒకేసారి తెరిపించి, ఏది అన్నిటికన్నా ఆలస్యమో పరీక్ష మొదలెట్టాడు. కొట్లో ఉన్న కుర్రాళ్ళు చుట్టూ మూగారు. కొత్తదాంట్లో ముక్కొచ్చింది, మధ్యదాంట్లో ఇంకా కళ్ళే, ముసలిదాంట్లో పాపిడి దగ్గరే ఆగిందిరో అని ఎడ్లపందెం చూస్తున్నట్టు ఒకటే కేకలు. అక్కని కూడా పిలిపించి అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె తన నుదుటిని తానే ఎవరిదో చూసినట్టు చూస్తూ కూర్చుంది. ముసలిదాంట్లో పెదవి దిగగానే మామయ్య చాలు చాలు, ఇదే మనది అని పేజీ మూసేశాడు. కుర్రాళ్ళ ముందు మచ్చ ఎందుకని ఆయన మర్యాద! అందువల్ల ముసలి కంప్యూటర్లో అక్క గడ్డం ఎలా ఉంటుందో మాలో ఒక్కరూ చూడలేదు. అందులో రాతలు చదివేవాళ్ళే గానీ ఫోటో పూర్తిగా దిగేదాకా కూర్చునే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

అబ్బాయీ, అతని తల్లీ, మేనత్తా నేరుగా కొట్టుకే వచ్చారు. అక్కని ముస్తాబు చేసి చెక్క అవతల మందు డబ్బాల మధ్య కూర్చోబెట్టాం, వాళ్ళు సరేననగానే పిలవాలని. కొత్త కంప్యూటర్ ఖాళీగా వెలుగుతుండగా మామయ్య వాళ్ళని తీసుకెళ్ళి గోడ పక్క కూర్చోబెట్టాడు. జుట్టు దిగింది, ఒత్తుగా ఉందన్నారు. కళ్ళు దిగాయి, తల్లి మొహం విప్పారింది, కళగల పిల్లని మెచ్చుకుని అప్పుడే ముహూర్తాల మాటెత్తింది. మామయ్య నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు. పెదవి దాకా వచ్చి ఫోటో ఆగిపోయింది. ఇక చూసుకోండి, చేసే పనేమీ లేక ముగ్గురూ తెరకి ముక్కులు ఆనించి ఆ ఒక్క చోటుకేసే చూస్తూ కూర్చున్నారు. అంతమంది అంతసేపు మా అక్క గడ్డం కోసం ఎదురుచూడటం అదే మొదలు. చివరికి దిగింది. ఆ పాడు మెషీన్‌కి రంగులు తక్కువ, లేత రంగుని సున్నం కొట్టినట్టు తెల్లగా చూపించింది.

మేనత్త లేచి నిలబడింది. “ఏందయ్యా ఇది, బొల్లి పిల్లని అంటగడతారా మాకు?”

మామయ్యకి చెమటలు పట్టాయి. గంజి పడిందండీ, అది మెషీన్ తప్పండీ అంటూ వాళ్ళని కొత్త కంప్యూటర్ దగ్గరికి లాక్కొచ్చాడు. ఫోటో ఒక్కసారిగా తెరుచుకుంది, మచ్చ ఉన్నదున్నట్టు లేతగా ఉంది. మధ్యదాంట్లో చూపిస్తే ఇంకో రంగులో ఉంది. మూడు మెషీన్లు, మూడు గడ్డాలు. వాళ్ళు నమ్మింది దేన్నో తెలుసా? ముసలిదాన్ని! గబుక్కున చూపించేదాంట్లో ఏదో మాయ చేసుంటారట, నిదానంగా చూపించింది కాబట్టి ఆ ముసలిదే నిజం చెప్పిందట.

అప్పుడు ఎవరూ పిలవకుండానే అక్క చెక్క దాటి వచ్చింది. ఎర్రబడిన కళ్ళతో కొత్త కంప్యూటర్ పక్కన నిలబడి, “ఇదిగోనండీ, నేనే. చూసుకోండి,” అంది. మేనత్త ఆమెకేసి చూడను కూడా చూడకుండా మెడ తిప్పి మళ్ళీ ముసలి తెరకేసే చూసింది. తల్లి మాత్రం దగ్గరికొచ్చి, కొంగు చివర నాలుకతో తడి చేసుకుని, అక్క గడ్డాన్ని పట్టుకుని రుద్దింది, రంగేదైనా పూశామేమోనని. గట్టిగా రుద్దింది. పుస్తకాలు చదివే పిల్ల కావాలన్న ఆ మహానుభావుడు తన చెప్పులకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. అక్క కదల్లేదు. ఆవిడకి తృప్తి కలిగేదాకా గడ్డం అప్పగించి నిలబడింది.

వాళ్ళు బస్సెక్కేలోపే బొల్లి మాట బజారుకెక్కింది. ఆ తర్వాత అక్కకి సంబంధమంటూ రాలేదు. నన్ను చూడవచ్చినవాళ్ళు నా మోచేతులు, మెడ వెనక, పాదాలు తిప్పి తిప్పి చూసి మరీ చేసుకున్నారు. మామయ్య బతికినంతకాలం తప్పు కంప్యూటర్‌దేనన్నాడు గానీ, ఆ పిల్లని ఒక్కమాట అడిగుండాల్సిందని మాత్రం అనలేదు. నాకు ఇప్పటికీ ఆయన మీద కోపం చావలేదు.

ఆదివారాలు అక్క మా ఇంటికే వస్తుంది, ఒంగోలులో బట్టలు కుట్టడం నేర్పుతూ ఒంటరిగా ఉంటోంది. మొన్న పిల్లలు పోటీకని అక్కనే ఫోటో తీసి, మా బంధువులందరం ఫోటోలు పెట్టుకునే పేజీలో పెట్టి, అన్ని ఫోన్లలో ఒకేసారి తెరిచారు. ఇప్పుడు జుట్టు ముందు, గడ్డం తర్వాత అనేదేం లేదు, మొహమంతా ఒక్కసారే వచ్చేసింది. అక్క అద్దాలు సర్దుకుని ఒక్కో ఫోనూ ఎత్తి చూసింది.

“మచ్చేదే?”

“ఫోనే తీసేస్తుంది పెద్దమ్మా, ఇప్పుడన్నీ అంతే,” అంది మా అమ్మాయి.

అప్పట్లో నిమిషాలకొద్దీ కాసుక్కూర్చుని మరీ మనిషిని గాయపరిచేవాళ్ళు, ఇప్పుడు ఎవరికీ అంత తీరిక లేదు, కనురెప్ప వాల్చేలోపు పని అయిపోతోంది. అక్కని అడగకుండా దాచాలని అప్పుడు మామయ్య చూశాడు, ఇప్పుడు ఫోన్ దాచేసింది. మారిందల్లా వేగమొక్కటే.

అక్క చేతిలో ఉన్న ఫోన్ బల్ల మీద పెట్టింది. కొంగు చివర నాలుకతో తడి చేసుకుని, ఆ ఫోన్ అద్దం మీద తన గడ్డం ఉన్నచోట, అచ్చం ఆనాడు ఆ అబ్బాయి తల్లి రుద్దినట్టే గట్టిగా రుద్దింది. అలా రుద్దితే రాదు పెద్దమ్మా అని పిల్లలు పడీపడీ నవ్వారు.