నీళ్లు నింపని పడవ

ఈ ఉదయం ఆరూ పదికి కోవిల్‌పట్టిలో మా వీధి కుళాయికి నీళ్లు వచ్చాయి. బిందె నింపి లోపల పెట్టి, రాయడానికి కూర్చున్నాను. నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధం మోస్తున్నాను. మొదటగా ఈ కాగితాల మీదే చెబుతున్నాను.

విరుదునగర్‌లో మా నాయనకు చెక్క పడవలు చేసే చిన్న కొట్టం ఉండేది. సముద్రం లేని ఊళ్లో పడవలేమిటని జనం నవ్వేవారు. ఆనకట్టల్లో చేపలు పట్టేవాళ్లు వచ్చి కొనేవారు. అన్న పలకలు బిగించేవాడు. నేను పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం, నూనె కలిపి పూసేవాణ్ణి. పంపే ముందు పడవ నిండా నీళ్లు పోసి పగలంతా ఉంచాలి. బయట ఎక్కడ చెమ్మ తేలితే అక్కడ మళ్లీ పూడ్చాలి. అదీ నా పనే.

ఆ వేసవిలో మా బావి అడుగంటింది. నీళ్లు చాలా దూరం నుంచి మోయాలి. రెండు బిందెలు లోపల చల్లి, తడిగా కనిపించేటట్టు చేసి ఊరుకున్నాను.

"నీళ్లు నించి చూస్తివా రా?" అన్నాడు నాయన.

"చూస్తిని నాయనా. ఒక సొట్టు కూడా కారలే."

"తానానికే సగం బక్కెట్టు మిగిలిస్తావే, పడవకు పోస్తివా?"

"పోస్తిని అంటిని గదా!"

నాయన నవ్వాడు.

లారీ ఎక్కించేటప్పుడు అన్న ఒక పక్క పట్టాడు. పగలంతా నీళ్లు తాగిన చెక్క బరువుగా ఉంటుంది. ఆ పడవ సులువుగా లేచింది. అన్న నా వైపు చూశాడు. నేను తల దించుకుని తాడు ముడి వేశాను.

మూడో రోజు అది ఆనకట్ట నడుమ మునిగింది. అందులోని ఇద్దరిలో ఒకరు ఒడ్డు చేరలేదు.

బిగింపులోనే తప్పుందని నాయన అన్నను వెళ్లగొట్టాడు. అన్న నా పేరెత్తలేదు. తిరుత్తంగల్‌లో అచ్చాఫీసు పనిలో చేరాడు. ఎందుకు ఊరుకున్నాడు? నీళ్లు నింపలేదని తెలిసీ తనూ పడవను పంపించినందుకు భయపడ్డాడా? నన్ను కాచాడా? అడిగే ధైర్యం నాకు ఎన్నడూ చాలలేదు. పోయిన నెల అన్న శవం పక్కన కూర్చుని ఏడుస్తున్నప్పుడు కూడా, ఇక ఎవరికీ తెలియదులే అనే ఊరట లోపల ఎక్కడో కదిలింది. ఆ ఊరటను చూసి భయపడ్డాను.

అన్న కూతురు ఇప్పుడు ఆ కొట్టం చరిత్ర రాస్తోంది. తండ్రి చేసిన తప్పునూ దాచకుండా రాస్తానంది. వివరాలు అడగడానికి ఈరోజు పదింటికి వస్తుంది. ఈ కాగితాలు ఆమె చేతిలో పెడతాను. చదివాక నన్ను చిన్నాయనా అని పిలుస్తుందా? ఆనకట్టలో మునిగిపోయినవాని ఇంటివాళ్లకు చెబుతుందా? చెప్పాలి. ఆ గడప ముందు నిలబడాల్సి వస్తుందేమోనని భయంగా ఉంది. అయినా రాయగలిగాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

పడవ మునగడం అన్న తప్పేనని ఇంతకాలం అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదు.