తిరిగొచ్చినవాడి ఫోటో

ఎవరింట్లోనైనా దయ్యం తిరుగుతోందంటే, మరి అద్దెలో వాటా ఇస్తోందా అని అడిగే రకం నేను. నల్లకుంటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. దిష్టి తీసి రోడ్డు మీద పడేసిన నిమ్మకాయలను కావాలనే తొక్కుకుంటూ నడిచేదాన్ని. ఇప్పటికీ తొక్కుతాను. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే నాకే ఎబ్బెట్టుగా ఉంటుంది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేనూ, మా తమ్ముడు నరేశ్‌ తార్నాకలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. వాడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదివేవాడు. చదివేవాడనడం మాటవరసకే, పొద్దున లేస్తే ర్యాలీలు, ధర్నాలు. జనగామ దగ్గర మా ఊరినుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి "పోరడు పైలమేనా బిడ్డా?" అని అడిగేది. వాడిని నా చేతుల్లో పెట్టి పంపింది. వాడికేమైనా అయితే అమ్మకు ముఖం ఎలా చూపించాలన్నదే నా భయమంతా.

పైవాటాలో ఇంటి ఓనర్లు సూర్యారావు అంకుల్‌, ఆంటీ ఉండేవారు. విశాఖపట్నం వాళ్లు, పిల్లల్లేరు. అంకుల్‌ నేవీలో ఫోటోగ్రాఫర్‌గా చేసి రిటైరయ్యారు. డెబ్బై ఒకటి యుద్ధంలో విమానాలు ఎగిరి, దిగే పెద్ద ఓడ మీద పనిచేశారు. డెక్‌ పక్కన ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడి, ఎగిరే ప్రతి విమానాన్నీ, దిగే ప్రతి విమానాన్నీ ఫోటో తీయడమే ఆయన పని. దిగే విమానం తోకకున్న కొక్కెం, డెక్‌ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తాడుకు తగులుకోవాలట. తగులుకోకపోతే మళ్లీ గాల్లోకి లేవాలి, లేదంటే సముద్రమే.

ఒకరోజు ఒక కుర్ర పైలట్‌ విమానం ఎక్కబోతూ, అమ్మకు పంపాలి, బాగా తియ్యమని అడిగాడట. ఈయన తీశారు. దిగేటప్పుడు తీయడానికి రీల్లో చివరి ఫోటో మిగిల్చుకుని కూర్చున్నారు. చీకటి పడేదాకా చూశారు. ఆ విమానం రాలేదు. యుద్ధంలో పోయిందో, యంత్రం చెడి పోయిందో తనకెవరూ చెప్పలేదన్నారు. అప్పటినుంచి ఆయన సొంత కెమెరాతో వెళ్లేవాళ్లను తీయడం మానేశారు. వచ్చేవాళ్లనే తీసేవారు. రీల్లో చివరిది మాత్రం ఎప్పుడూ మిగిల్చి ఉంచేవారు. అందరూ వచ్చేశారని తేలాకే అది నొక్కడం.

ఒకసారి నరేశ్‌ ర్యాలీకి వెళ్తూ, మెడలో గులాబీ కండువా వేసుకుని, ఒక ఫోటో తీయమని అడిగాడు.

"వెళ్లీటప్పుడు తియ్యనురా బాబూ. వచ్చీటప్పుడు తీస్తాను, రా" అన్నారు అంకుల్‌. తర్వాత నవ్వుతూ, "అవును గానీ, మమ్మల్నెప్పుడు పంపించేస్తున్నారేటి?" అన్నారు.

"మిమ్మల్ని గాదు అంకుల్‌. మా కొలువులు గుంజుకున్నోళ్లను" అన్నాడు మావాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం పగలబడి నవ్వారు.

క్యాంపస్‌లో గొడవ అని తెలిస్తే చాలు, అంకుల్‌ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వీడు గేటు తీసి లోపలికి రాగానే పైకి చూసి చెయ్యెత్తాలి. పైనుంచి టక్‌మని కెమెరా చప్పుడు. వెంటనే లోపలికి కేక. "వాడు దిగిపోయేడే, టీ పెట్టు!" ఊగే ఓడ మీద ఒంటిని ఒక పక్కకు వంచి తీసి తీసి, నేల మీద కూడా ఆయన ఫోటోలన్నీ ఎడమకు ఒరిగే వచ్చేవి. మా గేటు ఎప్పుడు చూసినా కూలిపోతున్నట్టుండేది.

ఆ చలికాలంలో అంకుల్‌ నిద్రలోనే పోయారు. నరేశ్‌ పాడె మోశాడు. ఆయన అస్థికలు సముద్రంలో కలపడానికి ఆంటీ తన తమ్ముడితో విశాఖ వెళ్తూ, కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేసింది. పక్కన నేనే ఉన్నాను. రీల్లో ఒక్క ఫోటో మిగిలి ఉందని, కెమెరా మీది అంకెను నా కళ్లతో నేను చూశాను. పైవాటాకూ తాళం వేసి, తాళంచెవులన్నీ తన వెంటే తీసుకెళ్లింది.

ఆంటీ ఊళ్లో లేనప్పుడే క్యాంపస్‌ భగ్గుమంది. టియర్‌గ్యాస్‌ ఘాటు తార్నాక దాకా కొట్టింది. నరేశ్‌ ఫోన్‌ స్విచాఫ్‌. ఉద్యమం కోసం ప్రాణాలు తీసుకుంటున్న పిల్లల వార్తలు రోజూ వింటున్న కాలం. నా మనసు పోని చోటు లేదు. మధ్యాహ్నం దాటాక వాడి క్లాస్‌మేట్‌ ఎవరో ఫోన్‌ చేసి, ఆస్పత్రిలో ఉన్నాడని చెప్పారు. తలకు కుట్లు, చెయ్యి విరిగింది. ప్రాణం ఉంది కదా అని గోడకు ఆనుకుని ఏడ్చాను.

పొద్దు వాలుతుండగా ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. గేటు తీస్తుంటే టక్‌మంది. గడియ చప్పుడనుకున్నాను. నరేశ్‌ ఆగి, పైకి చూసి, కట్టు లేని చెయ్యెత్తాడు. దెబ్బకు మతి తప్పి అంకుల్‌ లేరన్న సంగతి మరిచిపోయాడనుకున్నాను. నేను తలెత్తలేదు. వాడి నడుం పట్టుకుని లోపలికి నడిపించాను. తర్వాత అడిగితే చెయ్యెత్తిన సంగతే గుర్తులేదన్నాడు.

ఆంటీ తిరిగొచ్చాక కెమెరా నాకిచ్చి, "ఆయన చివరి రీలమ్మా, కడిగించి పెట్టు" అంది. చూస్తే రీలు పూర్తయిపోయి ఉంది. నేనే మొదట సరిగ్గా చూసుండనని సర్దుకున్నాను.

నల్లకుంటలో ఒక స్టూడియోలో కడిగించాను. చివరి ఫోటో పైనుంచి తీసింది. గేటు ఎడమకు ఒరిగి ఉంది. తలకు కట్టు, మెడకు వేలాడేసిన చెయ్యి, రెండో చెయ్యి పైకెత్తిన నరేశ్‌. పక్కన వాడి నడుం పట్టుకుని, తల వంచుకుని నేను.

రెండు రీళ్లు కలిసిపోయాయేమోనని స్టూడియో అతన్ని నిలదీశాను. నెగెటివ్‌ వెలుతురుకు పెట్టి చూశాను. అంకుల్‌ బతికుండగా తీసిన ఫోటో పక్కనే, అదే ముక్క మీద ఉంది. వెలుతురు కటకంలోంచి లోపలికి పడాలంటే ఎవరో ఒకరు మీట నొక్కాలని పిల్లలకు చెప్పేదాన్ని నేనే.

ఆంటీకి ఆ ఫోటో ఇచ్చాను. కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. ఎవరు తీశారని నన్ను అడగలేదు.

"దిగిపోయేడు" అంది. లేచి లోపలికి వెళ్లి టీ పెట్టింది. మూడు కప్పులు తెచ్చింది. ఒకటి నాకిచ్చి, ఒకటి బాల్కనీలో ఖాళీ కుర్చీ పక్కన పెట్టింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అపార్ట్‌మెంట్‌ లేచింది. నరేశ్‌ నుదుటి మీద మచ్చ ఉంది, ఉద్యోగం ఉంది, పెళ్లాం ఉంది. ఆ ఫోటో నా దగ్గరే ఉంది. చూసినప్పుడు నాకు భయం వేయదు, ఏడుపొస్తుంది. అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను తినేసేది మాత్రం ఒక్కటే. ఆ రోజు వాడు చూసినప్పుడు నేను కూడా తలెత్తి పైకి చూసి ఉండాల్సింది.