మా బడికి కప్పిన శాలువా

మా కాలనీలో చదువురాని వాళ్ళు ఒక్కరూ లేరన్న సంగతి ప్రభుత్వం వారు చెబితేగానీ నాకు తెలియలేదు. దువ్వాడ స్టేషనుకి ఇవతల కమ్యూనిటీ హాలులో రోజూ మధ్యాహ్నం పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పేదాన్ని నేనే. నా ఎదురుగా చాప మీద కూర్చుని, దీర్ఘం ఎక్కడ పెట్టాలో తెలియక పలక చెరుపుకుంటున్న ఆడవాళ్ళంతా ఆఫీసు కాగితాల ప్రకారం అప్పటికే అక్షరాస్యులు. లక్ష్యం చేరుకున్నాం కాబట్టి వచ్చే నెల నుంచి వయోజన విద్యా కేంద్రానికి నిధులు ఇవ్వబోమని కబురొచ్చింది. ఎంత చల్లని కబురో.

నేను గోదావరి జిల్లా నుంచి మావారి స్టీలు ప్లాంటు ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినదాన్ని. నాకు నోరు కాస్త ఎక్కువని ఆయన అంటుంటారు. ఆ రోజు మాత్రం ఆ కబురు క్లాసులో గొంతు తగ్గించి చెప్పాను. ముందు వరసలో కూర్చున్న ఆవిడ నా మొహం కేసే చూస్తోంది మరి.

ఆవిడది ఆనందపురం అవతల పల్లె. ఇక్కడ కాలేజీ హాస్టల్ మెస్సులో గిన్నెలు తోముతుంది. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. సుద్దముక్క పట్టుకుంటే మంట. వచ్చే సెలవులయ్యి కాలేజీ తెరిచేలోపు సరుకుల పేర్లు చదవడం, రాయడం వస్తే స్టోరు రూములో వేస్తానని వార్డెన్ మాట ఇచ్చాడు. కందిపప్పు, మినప్పప్పు దాకా వచ్చింది. ఇప్పుడు నిధులు ఆగితే హాలు ఉండదు, క్లాసు ఉండదు, ఆవిడకి స్టోరు రూమూ ఉండదు.

"ఆపీసుకెల్లి అడుగుదుం మేడమ్," అంది. "మనం సెప్పకపోతే ఆలకెలా తెలుస్తాది?"

పాపం, తెలియక చేశారనుకుంది.

వినతిపత్రం నేను రాశాను. గట్టిగానే రాశాను. అందరూ కింద సంతకాలు పెట్టారు. అక్కడితో ఆగితే బాగుండేది. బయల్దేరే రోజు చూద్దును కదా, ఒకావిడ చేతిలో సింహాచలం ప్రసాదం, ఇంకొకావిడ చేతిలో బంతిపూల దండ, మా మెస్సు ఆవిడ చేతిలో అట్టపెట్టె, అందులో తళతళలాడే శాలువా.

"ఇవన్నీ ఎందుకమ్మా? మనం వెళ్తున్నది పోట్లాడటానికి," అన్నాను.

"పెద్దోల కాడికి ఒట్టి సేతుల్తో ఎల్తారేటి మేడమ్? మరేదగా ఉంటాదా?"

అదీ నిజమే. ఈ ఊళ్ళో శాలువా లేకుండా ఏ పనీ జరగదు. రోడ్డు మీద గొయ్యి పూడిస్తే శాలువా, పూడుస్తామని చెప్పినందుకు ఇంకో శాలువా.

ఆఫీసులో మమ్మల్ని వరండాలో చాలాసేపు నిలబెట్టారు. బంట్రోతు కన్ను అట్టపెట్టె మీద పడ్డాక తలుపు తెరుచుకుంది. ఎక్కడున్నాడో ఏమో, ఫొటోలు తీసే అతను కూడా ప్రత్యక్షమయ్యాడు. మావాళ్ళు దండ వేశారు, శాలువా కప్పారు. అధికారిగారు పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు తల వంచుకుని సిగ్గుపడ్డారు. నేను వినతిపత్రం చేతిలో పెట్టాను. ఆయన అందుకుని కెమెరా వైపు తిరిగారు. శాలువా అంచు జారి కాగితం మీద పడింది. ఫొటో అయిపోయింది.

"కేంద్రం ఆపకండి సార్. వీళ్ళ చదువు సగంలో ఉంది," అన్నాను.

"ఇంత అభిమానంగా వచ్చారు, అదే చాలమ్మా. చూద్దాం," అన్నారు.

ప్రసాదం మాత్రం కళ్ళకద్దుకుని మరీ తిన్నారు. మహా భక్తిపరులు.

బస్సులో మావాళ్ళ సంబరం అంతా ఇంతా కాదు. "మంచోడే మేడమ్, ఎంత బాగా నవ్వుతన్నాడో," అని మెస్సు ఆవిడ ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది.

మర్నాడు పేపరు తెచ్చింది ఆవిడే. అందులో నీ ఫొటో పడిందని వార్డెన్ ఇచ్చాడట. చాప మీద పరిచి, "నాను సదువుతాను. మీరేటీ సెప్పకండి," అంది. ఎదురుగా కూర్చున్న నేను తలకిందులుగానే పైన అక్షరాలు చదివేశాను. పేపరు లాక్కుందామనుకున్నాను గానీ, ఆవిడ వేలు అప్పటికే మొదటి అక్షరం మీద ఉంది.

"వయో...జన... విద్య... లక్ష్యం... పూర్తి," అని కూడబలుక్కుంది. "అధికారికి... మహిళల... సన్మానం."

కింద ఇంకా ఉంది. చదువుకుని కేంద్రం అవసరం తీరిపోయిన మహిళలు ఆనందంతో అధికారిగారిని సత్కరించారట. వినతిపత్రం ఊసే లేదు. ఆవిడ ఒక్క మాట కూడా వదలకుండా, తడబడిన చోట వెనక్కి వెళ్ళి, చివరిదాకా చదివింది. ఎవరి సాయం లేకుండా ఆవిడ చదివిన మొదటి వార్త అది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపొచ్చింది. అంత ఏడుపులోనూ, ఎంత బాగా చదివిందో అని మురిసిపోయాను కూడా.

ఆవిడ ఫొటో మీద వేలు పెట్టి వెతికింది. "మన కాయితం ఏదండీ?"

"శాలువా కింద ఉంది."

"పూర్తంటే మనకి అయిపోయినట్టేనా?"

అవునన్నాను. ఊరుకుంటామా, మళ్ళీ వెళ్దాం, పేపరు వాళ్ళనీ నిలదీద్దాం, ఈసారి ఒట్టి చేతులతోనే వెళ్దాం అని ఏదేదో అన్నాను. ఆవిడ పేపరు మడతపెట్టి, మెస్సుకి టైమైందని లేచింది.

"ఎల్దుం మేడమ్. ఎల్లినప్పుడు ఆ సాలువా మనకి తిరిగిచ్చీమని అడగండి," అంది చెప్పులు వేసుకుంటూ. "గిన్నెలు తోమినాక సేతులు తుడుసుకోడానికైనా ఉంటాది."