చెయ్యేటి గట్టు కోసం కుందూ దాకా

మా ఊరు నందలూరుకు దిగువన చెయ్యేటి ఒడ్డున ఉంది. ఏడాదిలో పది నెలలు ఆ ఏరు ఒట్టి ఇసుక. తాగునీళ్లకు చెలమలు తవ్వుకోవాలి. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే మాత్రం ఒక్క పూటలో రెండు ఒడ్లూ ఒరుసుకుని పారుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు వచ్చిన వరదకు మా మట్టిగట్టు వంపు దగ్గర తెగింది. అంతకు ముందు వేసవిలోనే రైతులంతా కలిసి దాన్ని మనిషెత్తు పెంచారు. గట్టు పెరిగిన కొద్దీ దాని వెనక నిలిచే నీరూ పెరిగింది కాబోలు, తెగినప్పుడు అదంతా ఒక్కసారిగా మా సాలెవీధి మీద పడింది. మావి గుంట మగ్గాలు. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. వీధిలో ఉన్న పదహారు గుంటలూ ఇసుకతో పూడి నేలతో సమమైపోయాయి. నూలు కోటా మీద దొరికే రోజులవి. నిలువు పోగుల పడుగు తడిసి పాడైతే బదులు ఇంకొకటి ఎవరిస్తారు? నాలుగు నెలలు మగ్గం ఆడలేదు. రెండు కుటుంబాలు ఊరొదిలి పోయాయి.

ఆ తర్వాత ఊళ్లో మొదలైన తగువు చాలాకాలం నడిచింది. గట్టును ఏటి అంచు నుంచి వెనక్కి జరిపి, చేలకూ మా వీధికీ మధ్య వెయ్యాలని నేనన్నాను. ఏటికి పరుచుకునే చోటిస్తే అంత ఎత్తు లేవదని నా వాదన. అలా జరిపితే ఏటివైపు పడేవి ఓబుళరెడ్డి మామ చేలు, ఆరెకరాలు. ఆయన మా ఊరి పెద్ద రైతు. మాకు చుట్టం కాదు గాని చిన్నప్పటి నుంచి మామా అనే పిలుస్తాను. “నీ మగ్గాలు నానకుండా ఉండేదానికి నా చేను ఏటికి రాసియ్యాల్నా పుల్లయ్యా?” అని చావడిలో అందరి ముందూ అడిగాడు. 

మా చెల్లెల్ని కుందూ నది పెన్నలో కలిసే చోట ఒక ఊరికి ఇచ్చాము. వేసవిలో పుట్టింటికి వచ్చినప్పుడు మా గొడవంతా విని, “మా ఊర్లో ఏటేటా ఏరు చేలల్లోకి వస్తాది అన్నా. మేమే దారి పెట్టినాము. ఒకసారి వచ్చి చూడు” అంది. కుందూకు వరద భాద్రపదంలో వస్తుంది, మాకు కార్తీకంలో. వాళ్ల వరద చూసొచ్చినా మా గట్టు వేసుకోవడానికి నెలన్నర మిగులుతుంది. ఓబుళరెడ్డి మామను కూడా రమ్మన్నాను. రాడనుకున్నాను. “వస్తా. చూసినాక ఇంగ నువ్వు ఆ మాట ఎత్తగూడదు” అన్నాడు.

భాద్రపదం చివర్లో, కుందూ వరద తీసిందని చెల్లెలు జాబు రాయించిన నాలుగో రోజున బయలుదేరాము. మా వైపు నుంచి కడపకు బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఉంది గాని దాన్ని నమ్ముకోవద్దు. కనుమ ఎక్కలేక జనాన్ని దించి తోయిస్తుంది. తెల్లవారుజామున నడిచి నందలూరు స్టేషను చేరి ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాము. కమలాపురానికి మూడో తరగతి టికెట్టు రూపాయి లోపే. కడపలో బండి అరగంట పైగా ఆగింది. మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట ఎండిన కొర్రచేలను చూస్తూ, “ఈడ చుక్క లేదు, ఆడ ముంచుతాది” అని ఒక్కసారి తనలో తాను అనుకున్నాడు.

పదకొండు దాటాక కమలాపురంలో దిగి, పెన్న ఒడ్డు దాకా ఎనిమిదణాలకు జట్కా మాట్లాడుకున్నాము. బండి తోలే సాయిబు యాడికి పోతాండారని అడిగితే కుందూ గట్టు చూడడానికని చెప్పాను. ఆయన నవ్వి, “తెగిన గట్టు చూసేదానికి జనం పోతారు గాని, తెగని గట్టు చూసేదానికి రైలెక్కి వచ్చినోళ్లు మీరే సామీ” అన్నాడు. ఒడ్డున పుట్టి సిద్ధంగా ఉంది, వెదురుతో అల్లి తోలు బిగించిన గుండ్రటి పడవ. తలా ఒక అణా. పెన్న నీళ్లు ఇంకా ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. పుట్టి మెల్లగా గిర్రున తిరుగుతూ పోతుంటే మామ రెండు చేతులతో అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నేనూ అంతకంటే ధైర్యంగా ఏమీ లేను.

చెల్లెలి ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. మామ అరుగు మీద కూర్చుని తన సద్దిమూట విప్పబోయాడు. చెల్లెలు వచ్చి ఆ మూట తీసి పక్కన పెట్టింది. “నా సంగటి తినకుండా మా ఏరు చూడనియ్యను మామా.” రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పెట్టింది. ఆయన రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక గట్టు మీదికి పోయాము. అది మా గట్టులో సగం ఎత్తు కూడా లేదు. ఏటి అంచున కాదు, మూడు చేల దూరం వెనక్కి ఉంది. వాలు పొడవునా గడ్డి దట్టంగా పాతుకుపోయి ఉంది. ఒకచోట నరసమ్మ అనే ఆమె పారతో చిన్న గండి పూడుస్తోంది. మట్టిపని చేసే ఉప్పర కుటుంబాల వాళ్లకు ఆమే పెద్ద; గట్టు మంచిచెడ్డలు చూసుకోమని ఊరు ఆమెకు అప్పగించింది. యాభై ఏళ్లుంటాయి.

“ఈ పిట్టగోడ ఏం ఆపుతాది మే?” అన్నాడు మామ.

ఆమె పార నేలకు ఆనించి నిలబడింది. “ఆపేదానికి కాదు రెడ్డీ ఇది. ముందు గట్టు ఆడ ఉండె, ఏటి అంచునే. ఏటేటా ఎత్తు పెంచమనేవాళ్లు. నేనే మోసినా ఆ మట్టి, మా గాడిదల మీద. మేం గట్టు పెంచితే ఏరు లోపల ఇసక పెంచుకుంటాండె. యాడికీ పోనీకుండా కట్టేస్తే ఆ ఇసక యాడ పడాల? దాని కడుపులోనే పడె. కడాకు ఏటి అడుగు మా చేల కన్నా మీదికి వచ్చె. అప్పుడు తెగింది. నా గాడిదలు నాలుగూ కొట్టుకపోయినాయి.”

ఆమె మమ్మల్ని కిందికి తీసుకుపోయి ఏటివైపు చూపించింది. పాత గట్టును అలాగే ఉంచి, దిగువ కొసన ఒకచోట వెడల్పుగా కోసి తలుపులా వదిలారు. వరద ఎగువ నుంచి దూకకుండా ఆ దిగువ సందులో నుంచి వెనక్కి ఎక్కుతుంది. సందు ముందు తుమ్మకంపలతో మూడు వరసల దడి ఉంది. “బిరాన వచ్చే నీళ్లే ఇసక మోసుకొస్తాయి. ఈ కంపలు అడ్డం తగిలితే నిదానిస్తాయి, ఇసక ఈడే రాలిపోతాది. చేలోకి పోయేది బురద నీళ్లే. రెండు మూడు దినాలు నిలబడి, ఒండ్రు దింపి, తేటనీళ్లయి మళ్లా ఇట్లే ఎల్లిపోతాయి.” దడి దగ్గర మోకాలెత్తు ఇసుక మేట వేసి ఉంది. నిజమే, దాని అవతల ఇసుక లేదు.

మరునాడు పొద్దున్నే ఆ చేలల్లో నడిచాము. నీరు తీసి వారం కాలేదు. నేలంతా పెంకులు పరిచినట్టు బీటలు తీసి ఉంది, బీటల కింద చల్లటి మెత్తటి ఒండ్రు. ఇద్దరు గొర్రు తోలుతూ జొన్న విత్తుతున్నారు. మామ కూర్చుని మోచేతి దాకా చెయ్యి దించాడు. తీసి వాసన చూశాడు.

“వానకారు పంట?” అని అడిగాడు నరసమ్మను.

“ఉండదు. అది వదులుకోవాల్సిందే. వరద తీసినాక ఈ ఒక్క పంటే. ఎరువు తోలేది లేదు, నీళ్లు పెట్టేది లేదు.” ఇంకొకటి కూడా ఆమే చెప్పింది. “ఆ మూల ఒక చేను ఉండాది చూడు, మొదటి ఏడు దడి సరిగ్గా కట్టక ఇసక పడింది. ఇంగా బాగుపడలేదు. దాపెట్టి చెప్తే మీకే నష్టం.”

“మంచిదమ్మా” అన్నాడు మామ.

తిరుగు ప్రయాణంలో పెన్న ఒడ్డున పుట్టి కోసం గంటసేపు కూర్చోవలసి వచ్చింది. మామ ఒక పుల్ల తీసి నా చేతికిచ్చాడు. “గట్టు యాడ వెయ్యాలంటావో గియ్యి.” తడి ఇసుకలో చెయ్యేరు, ఆయన చేలు, మా వీధి గీసి, వీధికి ముందు గట్టు గీత గీశాను. ఆయన చాలాసేపు చూసి, పుల్ల తీసుకుని నా గీత చెరిపి ఇంకా వెనక్కి, మా వీధి గోడల పక్కనే గీశాడు.

“నువ్వు గీసిన కాడ నేల పల్లం. గట్టు కింద నుంచి నీళ్లు చిమ్ముతాయి. గట్టి నేల ఈడ ఉండాది.”

ఆయన గీసిన చోటు మేము పడుగులు సాగదీసి గంజి పట్టించే బయలు. తాతల నాటి నుంచి సాలెవాళ్లందరం పని చేసుకునే చోటు అదొక్కటే. ఆ గీత జరపాలని పుల్ల కోసం చెయ్యి చాచాను.

“నా ఆరెకరాలు అడిగేటప్పుడు నీకు తేలిగ్గానే ఉండె గదప్పా” అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఆ మాట నిజం. ఆయన చేను పోతుందని ఏడాదిగా వాదించానే గాని, మేము వదులుకునేది ఏమిటో ఒక్కసారి కూడా లెక్క వేసుకోలేదు. పుట్టి వచ్చేలోగా ఒప్పుకున్నాను. దడి కట్టడానికి ప్రతి ఏడూ సాలెయింటికి ఒక మనిషి వస్తాడని మాటిచ్చాను. మా వీధిని ఒప్పించడం నా పని, రైతులను ఒప్పించడం ఆయన పని అనుకున్నాము.

మా వీధి వాళ్లు నన్ను నాలుగు రోజులు తిట్టారు. పడుగులు ఊరి బయట రాతిగుట్ట పక్కకు మోసుకుపోవడం నిజంగానే కష్టం, ఇప్పటికీ కష్టమే. అయినా ఆశ్వయుజమంతా ఊరు ఊరే మట్టి మోసింది. పాత గట్టును దిగువ కొసన కోసి, ఆ సందు ముందు కంపల దడి కట్టాము. నరసమ్మ తన మనుషులతో వచ్చి పదిరోజులు ఉండి వాలు ఎలా తియ్యాలో, మట్టి ఎలా తొక్కాలో చూపించింది.

కార్తీకం రెండో వారంలో చెయ్యేరు వచ్చింది. ఆ పొద్దున అందరం కొత్త గట్టు మీదే ఉన్నాము. నీరు కంపలను తోసుకుని, మామ చేలల్లోకి నిదానంగా ఎక్కుతూ వచ్చి, గట్టు సగానికి వచ్చి ఆగింది. ఒకచోట ఊట కారితే బస్తాలతో మూశాము. తగ్గేదాకా మామ తన చేను వైపే చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజుకు నీరు తీసింది. దడి ఒక వరస కొట్టుకుపోయి, అరెకరం మేర ఇసుక పడింది. మిగిలిన ఐదున్నరలో జాన మందం ఒండ్రు. అందులో విత్తిన జొన్న ఫాల్గుణంలో చేను గట్టున నిలబడితే మనిషి కనపడనంత పెరిగింది. ఊరొదిలిన రెండు కుటుంబాల్లో ఒకటి ఉగాదికి తిరిగి వచ్చింది.

మా గట్టు ఇక ఎప్పటికీ తెగదని నేను రాయలేను. ఇంతకన్నా పెద్ద వరద ఏదో ఒక ఏడు వస్తుంది. కానీ ఇప్పుడు వరద కబురు వస్తే రైతులు ఒకవైపు, సాలెవాళ్లు ఒకవైపు పరిగెత్తడం లేదు. కంపలు కొట్టడానికి కలిసి పోతున్నారు. ఏటి ఒడ్డున ఉండేవాళ్లు ఎవరైనా కుందూ గట్టు చూడాలనుకుంటే వరద తీసిన వారం లోపు వెళ్లండి. ఆలస్యమైతే దున్నేస్తారు, ఒండ్రు ఎక్కడ పడిందో, ఇసుక ఎక్కడ ఆగిందో కనపడదు. ఒక్కరే మాత్రం పోవద్దు. మీ ఊళ్లో మీతో అందరికన్నా గట్టిగా వాదించే మనిషి ఎవరో చూసి, ఆ మనిషికి కూడా టికెట్టు మీరే తీసి వెంటబెట్టుకుని పోండి.