ఊపిరి లెక్క అడిగిన మేనత్త

మా మేనత్త ఇక లేదని పోయిన వారం బావ అనకాపల్లి ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. పచ్చకామెర్లు ముదిరిపోయాయి. "అమ్మ ఎలిపోయిందిరా" అన్నాడు, అంతే. అందరితో పాటు నేనూ ఏడ్చాను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం ఏడుపు రావడం లేదు, గర్వం వస్తోంది. ఎందుకో చెబుతాను.

చోడవరంలో ఆవిడది చెరకు సేద్యం. మావయ్య పోయాక రోలుగుంట దారిలో ఉన్న పొలానికి తనే స్కూటీ మీద వెళ్ళొచ్చేది. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రోజు, బండి కాటా ఎక్కి దిగేదాకా అక్కడే నిలబడి, అంకె కళ్ళారా చూసుకుంటే గానీ కదిలేది కాదు. ఎవరి మీదా అనుమానం కాదు. మన పంట తూకం మనం చూసుకోవడం పద్ధతి అనేది.

అలాంటి మనిషిని పట్టపగలు కునుకు పట్టుకుంది. వడ్డిస్తూ వడ్డిస్తూ తూలిపోయేది. ఒకరోజు స్కూటీతో సహా పొలం కాలవలోకి దిగిపోయింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు గానీ, బావ స్కూటీ తాళం దాచేశాడు. విశాఖపట్నంలో డాక్టరు గారు పరీక్షలు చేయించి, స్లీప్ ఆప్నియా అని తేల్చారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందట, మనిషికి తెలియనే తెలియదట. రాత్రి మాస్కు పెట్టుకుని పడుకుంటే గాలిని ఒత్తిడితో పంపే మిషను రాసిచ్చారు. రీడింగులు బాగుపడితేనే బండి తోలాలి అన్నారు. తాళం లేని అత్త ఇంట్లో రెక్కలు కట్టేసిన కోడిలా తిరిగేది.

మాస్కు శ్రద్ధగానే పెట్టుకుంది. అయినా కునుకు వదల్లేదు, ఒక్క ఆదివారం తప్ప. చర్చిలో వాక్యం ఎంత పొడుగు సాగినా కళ్ళార్పకుండా వినేది. పాస్టరు గారైతే ఈ జబ్బు సంగతి నమ్మేవారే కాదు. మిషను అమ్మిన షాపాయన ఫోన్లో, మీరు సరిగ్గా పెట్టుకోవడం లేదమ్మా అన్నాడు. నీకెలా తెలుసని అడిగింది అత్త. రీడింగులన్నీ ఏ రోజుకారోజు తన కంప్యూటర్‌కి వచ్చేస్తాయట. ఈవిడకి మాత్రం మిషను తెర మీద ఒక మొహం బొమ్మ, నవ్వుతూనో ఏడుస్తూనో. ఆ రీడింగులు నాకూ చూపించమంటే, పేషెంట్లకి ఇవ్వము, చూసి కంగారుపడతారు అన్నాడు.

మర్నాడే మిషను ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నం బస్సెక్కింది. తోడు నేను. షాపులో గొంతు పెంచలేదు.

"మా ఫేట్రీలో కాటా ఏస్తే అంకె నాకు అవుపడతాది బాబూ. సెరుకు నాదని సూపిస్తారు. మరి ఈ ఊపిరి ఎవులిది?"

అతను చెడ్డవాడు కాదు. అంతవరకూ ఎవరూ అడగనిది అడిగేసరికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. డాక్టరు గారు చెబితే తప్ప ఇవ్వలేనన్నాడు. అయితే అడుగు, నేను కూర్చుంటానంది. ఊరికే కూర్చుంటే మా అత్త ఎందుకవుతుంది? వచ్చిన ప్రతి పేషెంటునీ పలకరించి, మీ రీడింగులు మీరెప్పుడైనా చూసుకున్నారా అని ఆరా తీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి వాళ్ళు కూడా మావీ చూపించమని బల్ల చుట్టూ మూగారు. షాపాయన చేసేది లేక డాక్టరు గారికి ఫోన్ కలిపాడు. ఆమెవి ఆమెకివ్వడానికి నన్నడగడం దేనికయ్యా అన్నారట ఆయన.

అన్నీ అత్త ఫోన్లోకి వచ్చాయి. మాస్కు ఏ రాత్రీ మానలేదని అందులో స్పష్టంగా ఉంది. షాపాయన తలొంచుకున్నాడు. కాకపోతే మాస్కు పక్కనుంచి గాలి విపరీతంగా కారిపోతోంది. ఆశ్చర్యమేమిటంటే, శనివారం రాత్రుళ్ళు మాత్రం చుక్క గాలి పోవడం లేదు. మిషనే పాడైందని నేను తేల్చేశాను. తిరుగు బస్సులో అత్త చాలాసేపు ఫోన్లో ఆ రీడింగుల గీతలే చూసింది. ఉన్నట్టుండి నా మోకాలి మీద చరిచి, "ఒరే, నూనిరా" అంది.

పడుకోబోయే ముందు తలకీ మొహానికీ కొబ్బరినూనె పట్టించుకోవడం ఆవిడకి చిన్ననాటి అలవాటు. ఆదివారం చర్చి కోసం శనివారం సాయంత్రం తలంటుకునేది, ఆ ఒక్క రాత్రి నూనె ముట్టేది కాదు. మిగతా రాత్రుళ్ళు మాస్కు ఆ జిడ్డు మీద జారిపోయేది. ఆ సంగతి డాక్టరు గారికి తెలియదు, షాపాయనకి తెలియదు, ఇంట్లో ఉన్న మాకూ తట్టలేదు. రీడింగులు తన చేతికొచ్చిన రోజునే ఆవిడకి తెలిసింది.

నూనె మానేసింది. రీడింగులు బాగుపడ్డాయి, కునుకు పారిపోయింది. డాక్టరు గారు ఇక బండి తోలుకోండమ్మా అన్నారు. ఆ తర్వాత మా ఊళ్ళో ఆ మిషను ఎవరింటికొచ్చినా, నీ రీడింగులు నువ్వే అడుగు అని వెళ్ళి మరీ చెప్పొచ్చేది. నాకు ఏ ఆసుపత్రిలోనైనా నోరు విప్పి అడిగే ధైర్యం వచ్చిందంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

బావ తాళం తెచ్చి ఆవిడ అరచేతిలో పెట్టిన పొద్దు ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. కొంగు బొడ్లో దోపి స్కూటీ ఎక్కింది. భయంకొద్దీ నేను మోటార్ సైకిల్ మీద వెనకే బయల్దేరాను. రోలుగుంట రోడ్డుకి రెండు పక్కలా మనిషెత్తు చెరకు. ముందు లోడు ట్రాక్టరొకటి నెమ్మదిగా పోతోంది. అత్త హారన్ కొట్టి, దాన్ని దాటేసి, వెనక్కి చూడకుండానే ఎడమ చెయ్యి పైకెత్తి నాకేసి ఊపింది. నేను ట్రాక్టరు వెనకే ఉండిపోయాను.