పెట్టె తరవాత నా ముఖం

మా చెల్లెలి భూస్థాపన వీడియోని మొదటిసారి దాని కూతురి ఫోన్‌లో చూశాను. ముందు డ్రోన్‌తో పైనుంచి తీసిన నర్సీపట్నం, మా వీధి, జనం. తరవాత పెట్టె, మూత తీశాక చెల్లెలి ముఖం. ఆ వెంటనే నా ముఖం. కింది నుంచి తీశారేమో, గడ్డం పైకెత్తి, పొడి కళ్ళతో, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనిపించాను.

"సొంత సెల్లెలు పోతే ఒక్క సుక్క రాలేదేటి పెద్దమ్మా? నాతవరం సుట్టాలు కూడా అడుగుతన్నారు," అంది పిల్ల. నవ్వుతూనే అంది కానీ, ఆ తరవాత మా ఇంటికి రావడం తగ్గించేసింది. తన తల్లి తరవాత నాకు మిగిలిన మనిషి అదే.

ఏది ముందో ఏది వెనకో నేను పొరపాటు పడను. ఆ ముఖం పెట్టె రాకముందుది. నా పక్క గోడ మీద పొద్దుటి నీడ పొడుగ్గా ఉంది. బండి విశాఖపట్నం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

వీడియో తీసిన స్టూడియోకి వెళ్ళి, నా ముఖం పెట్టె తరవాత ఎందుకు పెట్టారని అడిగాను.

"సూసేవోళ్ళని మొదట్లోనే పట్టెయ్యాలండి మామ్మగారూ. లేపోతే ఫోన్లో ఈడియోని బేగి పక్కకి తోసేత్తారు. పెట్టె సూపించాక దగ్గరోళ్ళ మొకం పడాల," అన్నాడు ఎడిటింగ్ చేసే అతను.

"పెట్టె దించినప్పుడు నేనెక్కడున్నాను?"

వెతికాడు. గేటు స్తంభానికి తల ఆనించుకుని, వీపు ఇటు పెట్టి ఉన్నాను. భుజాలు అదురుతున్నాయి.

"ఇదెందుకు తీసేశావు?"

"ఈపు సూసి ఎవులేడుత్తారండీ?"

"ఎవరూ ఏడవక్కర్లేదు. జరిగిన వరసలో పెట్టు."

పెట్టాడు. ముందు నా ముఖం, తరవాత బండి, పెట్టె, చెల్లెలు, చివర నా వీపు. ముఖం అదే. ఈసారి అందులో కోపం లేదు, రోడ్డు వైపు చూస్తూ ఎవరికోసమో కాచుకున్న మనిషి ఉంది. నాకు ఊరట కలగలేదు, ఒకే ముఖం వరసని బట్టి ఇద్దరు మనుషులైనందుకు భయం వేసింది.

జ్ఞాపకార్థ కూడికలో చర్చి గోడకి తెర కట్టి ఆ వరస మార్చిన వీడియోనే వేశారు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. భూస్థాపన రోజు ఆడవాళ్ళందరం తెల్లచీరలే కట్టుకున్నాం కదా, నా వీపు రాగానే అది నా చెవిలో అడిగింది.

"పాపం, ఎవులు పెద్దమ్మా ఆవిడ?"

"నేనే."

"నువ్వా?" అని తెర వదిలేసి నా ముఖంలోకి చూసింది. అప్పుడూ నా కళ్ళు పొడిగానే ఉన్నాయి.